మళ్లీ ఫోన్ చేసే కస్టమర్

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 31. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాలుగేళ్లుగా శని, ఆదివారాల్లో ఫొటోలు తీస్తున్నాను. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, చంటిపిల్లల ఫొటోలు, అప్పుడప్పుడు షాపులవాళ్లకు వస్తువుల ఫొటోలు. కిందటేడాది 22 షూట్‌లు చేశాను. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే రావాలని ఉంది. కానీ ఒక విషయం భయపెడుతోంది. ఫొటోలు బాగున్నాయని అందరూ అంటారు, మళ్లీ మాత్రం ఎవరూ రారు. మూడేళ్ల కిందట ఒకావిడ పెళ్లికి నేనే తీశాను. ఆ ఫొటోలు చూసి ఆమె కన్నీళ్లు పెట్టుకున్నారు. మొన్న వాళ్ల బాబు పుట్టినరోజుకి వేరే ఫొటోగ్రాఫర్‌ని పిలిచారని తెలిసింది. అతను నాకంటే తక్కువ తీసుకుంటాడట. నేనూ రేటు తగ్గించాలా? లోన్ తీసుకుని కొత్త కెమెరా కొంటే పెద్ద పనులు వస్తాయా? ఉద్యోగం ఎప్పుడు మానేయొచ్చు? ‘ఫొటోలు బాగా తీస్తావు, వ్యాపారం మాత్రం నీకు రాదు’ అంటుంది నా భార్య. పేరు వేయకండి.

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రేటు, కెమెరా, ఉద్యోగం, ఈ మూడింటి గురించీ నాకు తోచింది చెబుతాను. కానీ ముందు ఆ బాబు పుట్టినరోజు సంగతి మాట్లాడుకుందాం. మీ అసలు ప్రశ్న అక్కడే ఉంది.

రేటు తక్కువని ఆమె వేరే అతని దగ్గరికి వెళ్లారని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. కానీ మీ ఫొటోలు చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనిషి, బాబు దగ్గరికి వచ్చేసరికి కనీసం మీకు ఫోన్ చేసి ‘ఎంత తీసుకుంటారు’ అని అడగాలి కదా. అడగలేదంటే విషయం రేటు దాకా రాలేదన్నమాట. మీ పేరు గుర్తుకు రాలేదు, లేదా గుర్తుకొచ్చినా మీకు ఫోన్ చేయాలనిపించలేదు. షూట్ గురించి రాశారు గానీ, ఆల్బమ్ ఎన్ని రోజులకు ఇచ్చారో రాయలేదు. ఆ తర్వాత మూడేళ్లలో ఆమెతో ఒక్కసారైనా మాట్లాడారో లేదో కూడా రాయలేదు.

నాకు అనుమానం రావడానికి కారణం ఉంది. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట ఒక ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లికి తీశాను. ఫొటోలు నిజంగా బాగా వచ్చాయి. ఆల్బమ్ ఆరు వారాల్లో ఇస్తానన్నాను. ఐదు నెలలు పట్టింది. వాళ్లమ్మగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘వచ్చే వారం తప్పకుండా’ అనేదాన్ని. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఆల్బమ్ చేతికిచ్చిన రోజు ప్రతి పేజీ తిప్పి చూసి, చాలా బాగుందమ్మా అన్నారు. అంతా సర్దుకుందనుకున్నాను. రెండేళ్ల తర్వాత చిన్నమ్మాయి పెళ్లి కూడా అయిపోయిందని, ఫొటోలు వేరెవరో తీశారని తెలిసింది. ఉండబట్టలేక ఆవిడకే ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘నీ ఫొటోలంటే మాకు ఇష్టమేనమ్మా. మళ్లీ నీకు ఫోన్లు చేస్తూ కూర్చునే ఓపిక లేకపోయింది’ అన్నారు.

ఆ మాటతో నా పని తీరే మారిపోయింది. మనం ఏ లెన్స్ వాడామో, చర్మం రంగు సరిగ్గా రావడానికి ఎంత కష్టపడ్డామో కస్టమర్‌కి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఫోన్ ఎత్తామా లేదా, చెప్పిన రోజుకి ఇచ్చామా లేదా అన్నది మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మంచి ఫొటో ఒకసారి పనిని తెచ్చిపెడుతుంది. ఆ పని జరిగినన్ని రోజులూ వాళ్లకు టెన్షన్ లేకుండా చూస్తేనే రెండోసారి ఫోన్ వస్తుంది.

ఈ సంగతిని ఈ రంగంలో అందరికంటే ముందు పట్టుకున్నవాళ్లలో కొడాక్ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్ ఒకరు. 1888లో ఆయన అమ్మిన కొడాక్ కెమెరాలో 100 ఫొటోలకు సరిపడే రోల్ ముందే పెట్టి ఉండేది. అన్నీ తీశాక కెమెరాని అలాగే ఫ్యాక్టరీకి పంపేస్తే, వాళ్లే ఫొటోలు కడిగి, కొత్త రోల్ పెట్టి, ప్రింట్లతో పాటు తిరిగి పంపేవాళ్లు. అప్పటికి కెమెరాలు కొత్తేమీ కాదు. మందులు కలపడం, చీకటి గదిలో తంటాలు పడటం అనే బాధ మనిషికి తప్పించడం కొత్త. మీ కస్టమర్ పడే బాధ ఏమిటో మీరూ అలాగే వెతకండి. ‘ఫొటోలు ఎప్పుడొస్తాయో’, ‘ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో’, ‘మా నాన్నని తీశారో లేదో’. దాదాపు ఇవే ఉంటాయి.

ఇక చేయాల్సిన పని చెబుతాను. షూట్ అయిన రెండు రోజుల్లో పదిహేను ఫొటోలు పంపండి. ఎడిటింగ్ పూర్తిగా చేసినవే పంపండి, కానీ పదిహేనే. బంధువులందరికీ వాళ్లు చూపించుకునేది ఆ వారంలోనే. నెల తర్వాత మీరు పంపే ఐదువందల ఫొటోలకు అంత సంబరం ఉండదు. ఆ పదిహేనిటిలో ఇంటి పెద్దవాళ్లు తప్పకుండా ఉండాలి. మిగతావి ఏ తేదీకి ఇస్తారో అదే మెసేజ్‌లో రాయండి. ‘త్వరలో’ అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. మీకు నాలుగు వారాలు పడుతుందనిపిస్తే ఆరు వారాల తర్వాతి తేదీ చెప్పి, ఐదో వారంలో ఇచ్చేయండి. ఎంత జాగ్రత్తపడినా ఆలస్యమయ్యే రోజు వస్తుంది. జ్వరం రావచ్చు, ల్యాబ్‌లో ప్రింట్ పాడైపోవచ్చు. ఆ రోజు వాళ్లు ఫోన్ చేయకముందే మీరు చేయండి. ముందే చెప్పిన ఆలస్యాన్ని మనుషులు సులువుగా మన్నిస్తారు. మనం దాచి, వాళ్లు అడిగి తెలుసుకున్న ఆలస్యాన్ని మాత్రం మరిచిపోరు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఆల్బమ్ ఇవ్వగానే మన పని అయిపోయినట్టు కూడా కాదు.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. ప్రతి ఇంటికీ ఒక పేజీ. అందులో పేర్లు, తేదీలతో పాటు చిన్న చిన్న సంగతులు రాసుకుంటాను. ‘కుడివైపు నుంచి తీస్తే నచ్చదు, ఆ వైపు కన్ను చిన్నగా కనిపిస్తుందట.’ ‘పిల్లాడికి ఫ్లాష్ అంటే భయం, కిటికీ దగ్గరే తీయాలి.’ ‘వాళ్ల నాన్నగారు ఎక్కువసేపు నిలబడలేరు, గ్రూప్ ఫొటోలకు కుర్చీ ముందే వేయించాలి.’ రెండోసారి వెళ్లినప్పుడు కుర్చీ నేనే తెచ్చి వేశాను. ఆ పెద్దాయన నా వైపు ఒకసారి చూసి కూర్చున్నారు. ఏమీ అనలేదు. ఆ ఏడాది ఆ ఇంటి నుంచి నాకు ఇంకో రెండు పనులు వచ్చాయి. ఈ సంగతులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో రాసుకున్నా సరే, షూట్ అయిన రాత్రే రాయండి. వారం ఆగితే సగం మర్చిపోతారు. ఒక్క జాగ్రత్త. వాళ్లు నమ్మి చెప్పిన సంగతులు అవి, ఇంకొకరి కంటపడకూడదు.

పాత ఫైల్స్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా కస్టమర్లలో అందరికంటే గట్టిగా నిలిచినవాళ్లు దాని వల్లే నిలిచారు. ఒక రాత్రి తొమ్మిదింటికి ఒకాయన ఫోన్ చేశారు. ఏడేళ్ల కిందట ఆయన పెళ్లికి తీశాను. ఆ రోజు పొద్దున వాళ్ల నాన్నగారు పోయారు. గోడకు పెట్టుకోవడానికి ఒక్క మంచి ఫొటో కూడా దొరకడం లేదన్నారు. పాత హార్డ్ డిస్క్ తీసి వెతికాను. ఆల్బమ్‌లో ఉన్న ఫొటోల్లో వాళ్ల నాన్నగారు ఎక్కడా ఒంటరిగా లేరు. కానీ ఎంపికలో పక్కన పెట్టేసిన ఫొటోల్లో ఒకటి కనిపించింది. గుమ్మం పక్కన నీడలో నిలబడి కొడుకుని చూసి నవ్వుతున్నారు. ముఖం చీకటిగా ఉందని అప్పట్లో తీసేశాను. అది రా ఫైల్, అంటే కెమెరా పట్టుకున్న వివరాలన్నీ కుదించకుండా దాచే ఫైల్ కాబట్టి బతికిపోయింది. 14 బిట్‌ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి. మామూలుగా మనం పంపుకునే జెపెగ్ ఫొటోలో 256 మాత్రమే. నీడలో దాగిన ముఖాన్ని వెలుగులోకి తేవడానికి ఆ తేడా సరిపోయింది. పదకొండు గంటలకల్లా పంపాను. డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత వాళ్ల ముగ్గురు అన్నదమ్ముల ఇళ్లలో ఏ పనైనా నా ఖాళీ తేదీ చూసుకునే ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ ఫైల్ నా దగ్గర ఉండటం అదృష్టం మాత్రం కాదు. అది వట్టి పద్ధతి. రెండు మెమరీ కార్డులు పట్టే కెమెరా వాడండి, ప్రతి ఫొటో రెండిటి మీదా పడేలా సెట్టింగ్ పెట్టండి. ఇంటికి రాగానే రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించండి. ఎక్కించినవి తెరుచుకుంటున్నాయో లేదో చూడకుండా కార్డు ఫార్మాట్ చేయకండి. మొత్తం మూడు కాపీలు, కనీసం రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. ఆ బయటి కాపీ ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న స్టోరేజీలో ఉన్నా సరే, వేరే ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఉన్న డిస్క్ అయినా సరే. 24 మెగాపిక్సెళ్ల రా ఫైల్ ఒకటి సుమారు 30 ఎంబీ ఉంటుందనుకుంటే, 3,000 క్లిక్కుల షూట్‌కి 90 జీబీ అవుతుంది. ఏడాదికి ఎన్ని డిస్కులు కావాలో ఇప్పుడే లెక్కేసుకుని, ఆ ఖర్చు రేటులో కలపండి. ఎన్నేళ్లు దాచిపెడతారో కస్టమర్‌కి రాసి ఇవ్వండి. చెప్పినదానికంటే ఎక్కువ ఏళ్లు దాచగలిగితే మంచిదే, చెప్పినన్నాళ్లు మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇప్పుడు రేటు. తగ్గించకండి. ఈ మాట అభిమానంతో చెప్పడం లేదు, లెక్కతో చెబుతున్నాను. మీరు అకౌంట్స్ చూసేవారు కాబట్టి ఇది మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

రోజంతా సాగే ఒక షూట్‌కి నాకు పట్టే సమయం కొన్నాళ్లు వరుసగా రాసుకున్నాను. ముందు మాటలు, ఫోన్లు మూడు గంటలు. సామాను సిద్ధం చేసుకోవడం, ఛార్జింగ్, ప్రయాణం రెండు. షూట్ పది. కాపీ చేసుకుని మంచివి ఏరడం ఐదు. రంగులు సరిచేయడం పది. ఆల్బమ్ డిజైన్ ఆరు. మార్పులు, ప్రింట్, డెలివరీ, బిల్లు నాలుగు. మొత్తం 40 గంటలు. కస్టమర్ కంటికి కనిపించేది పది, కనిపించనివి ముప్ఫై. ఏడాదిలో నాలుగు వారాలు సెలవులకీ అనారోగ్యానికీ తీసేస్తే 48 వారాలు, వారానికి 40 గంటల చొప్పున 1,920 గంటలు. అందులో మూడో వంతు కొత్త వాళ్లతో మాట్లాడటానికి, లెక్కలకు, రిపేర్లకు, నేర్చుకోవడానికి పోతుంది. మిగిలేవి 1,280. అంటే రోజంతా సాగే షూట్‌లు ఏడాదికి 32 మించి చేయలేరు. చేస్తే ఆల్బమ్‌లు ఆలస్యమవుతాయి, ఇందాక చెప్పిన కథ మొదలవుతుంది.

ఈ లెక్క మీ మీదే వేసి చూడండి. కిందటేడాది మీ 22 షూట్‌లలో సగం చిన్నవనుకుని, చిన్నదానికి 12 గంటలే వేసినా మొత్తం 572 గంటలు. ఉద్యోగం చేస్తూ వారం వారం ఇంకో 11 గంటలు. అందుకే మీ ఆల్బమ్‌లు ఆలస్యమై ఉంటాయని నా అనుమానం. రేటు తగ్గిస్తే ఏమవుతుంది? అదే ఆదాయం కోసం ఇంకా ఎక్కువ షూట్‌లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నకొద్దీ ఫోన్ ఎత్తే తీరిక తగ్గుతుంది.

కాబట్టి కింది నుంచి లెక్క కట్టండి. ఇంటికి ఏడాదికి కావలసింది, పన్నులు, ఇన్సూరెన్స్, పొదుపు, సామాను అరుగుదల, అన్నీ కలిపి 32తో భాగించండి. వచ్చేది మీ రోజు షూట్ కనీస రేటు. చిన్న పనులకు 1,280తో భాగించి గంటకు ఎంతో చూసుకోండి. అరుగుదల అంటే మాట వరసకి అన్నది కాదు. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్‌ని, అంటే క్లిక్ చేసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే భాగాన్ని, కంపెనీలు రెండు లక్షల నుంచి నాలుగు లక్షల క్లిక్కుల వరకు పరీక్షించి చెబుతాయి. షూట్‌కి 3,000 క్లిక్కులతో 32 షూట్‌లు చేస్తే ఏడాదికి 96,000. రెండు లక్షల షట్టర్ రెండేళ్లకే ఆ అంచుకి వచ్చేస్తుంది. ఈ లెక్క కట్టేటప్పుడు మీ భార్యను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంటి ఖర్చు అసలు ఎంతో ఆవిడకే తెలుసు. ఆవిడ మాటకు నొచ్చుకున్నట్టున్నారు. నాకైతే అది ఎత్తిపొడుపులా అనిపించలేదు, కలిసి లెక్క చూద్దామని అడిగినట్టుంది.

రేటు తగ్గించి గెలిచినవాళ్లు లేరా అని మీకు అనిపించవచ్చు. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫర్ ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఒకే పలక మీద అరచేతిలో పట్టేంత చిన్న ఫొటోలు వరుసగా పడేలా చేసి, ఒక్కో ఫొటో ఖరీదు బాగా తగ్గించాడు. జనం ఎగబడ్డారు, కొన్నాళ్లు బాగా సంపాదించాడు. కానీ ఆ పద్ధతి ఎవరైనా నేర్చుకోగలిగేదే. ఊరూరా స్టూడియోలు అదే మొదలుపెట్టాయి. 1889లో అతను పేదరికంలో పోయాడు. మీ దగ్గర ఉన్నది చౌక రేటు ఒక్కటే అయితే, రేపు ఇంకొకరు అంతకంటే చౌకగా వస్తారు. మీ నోటుబుక్కులో రాసి ఉన్న కుర్చీ సంగతి మాత్రం వాళ్లకు దొరకదు.

తెలిసినవాళ్లు, బంధువులు తగ్గించమని అడుగుతారు. మొహమాటం ఎవరికైనా ఉంటుంది. నేను పాటించేది ఒకటే. డబ్బు తగ్గాలంటే పని కూడా తగ్గాలి. గంటలు తగ్గించవచ్చు, ఆల్బమ్ తీసేసి ఫైల్స్ మాత్రం ఇవ్వవచ్చు. అదే పని తక్కువకు చేస్తే, మొదట చెప్పిన రేటు అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. బాగా దగ్గరివాళ్లయితే తగ్గింపు వద్దు, పూర్తిగా కానుకగా ఇచ్చేయండి, బిల్లులో అసలు రేటు రాసి ‘కానుక’ అని పక్కన రాయండి. పాత కస్టమర్లకు రేటు పెంచేటప్పుడు మూడు నెలల ముందే చెప్పండి, అప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకు పాత రేటే ఉంచండి.

కొత్త కెమెరా కోసం లోన్ వద్దు. మీ దగ్గర 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఉంటే చాలు. 12×18 అంగుళాల పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేయాలంటే కావలసింది 3,600×5,400, అంటే దాదాపు కోటీ 94 లక్షల పిక్సెళ్లు. మీ కెమెరా దగ్గర రెండు కోట్ల 40 లక్షలు ఉన్నాయి. చేతిలో డబ్బుంటే ముందు వాడిన కెమెరా బాడీ ఇంకొకటి కొనండి, పెళ్లి మధ్యలో ఉన్నది ఆగిపోతే పనికొస్తుంది. రెండు కెమెరాల గడియారాలూ ఒకే టైమ్‌కి పెట్టుకోవడం మర్చిపోకండి, లేకపోతే ఫొటోలు వరుస తప్పి, ఏరడానికి ఒక పూట పోతుంది. ఆ తర్వాత స్క్రీన్ రంగులు సరిచూసే పరికరం కొనండి. స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేస్తే ప్రింట్ నల్లగా వస్తుంది, కస్టమర్ అది మీ పనితనం లోపమనుకుంటారు. పెద్ద పనులు కెమెరా చూసి రావు. మిమ్మల్ని ఒకసారి చూసినవాళ్లు ఇంకొకరికి చెబితే వస్తాయి.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కొన్ని పనులు వాటంతటవే తిరిగి వస్తాయి, కొన్ని రావు. పెళ్లి ఒక మనిషికి మళ్లీ మళ్లీ జరగదు. మీరు ఎంత బాగా చేసినా ఆ కస్టమర్ అదే పనికి తిరిగి రారు. వాళ్ల చెల్లెలు రావాలి, స్నేహితురాలు రావాలి, లేదా వాళ్లే బాబుతో రావాలి. షాపువాళ్లు అలా కాదు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఫొటోలు కావాలి. స్కూళ్లకు ప్రతి ఏడూ కావాలి. ఆఫీసులో కొత్త ఉద్యోగులు చేరినప్పుడల్లా ఒకే వెలుగు, ఒకే వెనుక రంగుతో ఫొటోలు కావాలి. ‘అప్పుడప్పుడు షాపులవాళ్లకు’ అని మీరు తేలిగ్గా రాసేశారు గానీ, నేనైతే ఉద్యోగం మానడానికి ముందు ఈ షాపులను ఎనిమిదో పదో చేసుకునేదాన్ని. పెళ్లిళ్లు లేని నెలల్లో ఇల్లు నడిపేవి అవే. వాళ్ల దగ్గర లైట్ ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెట్టారో ప్రతిసారీ కొలిచి రాసుకోండి. ఆరు నెలల తర్వాత తీసిన వస్తువు, మొదట తీసినదాని పక్కన పెడితే ఒకే రోజు తీసినట్టు కనిపించాలి. ఆ పోలిక కుదిరితే ఆ షాపు మిమ్మల్ని వదలడం కష్టం.

ఏ పనికైనా కాగితం రాసుకోండి, తమ్ముడి పనైనా సరే. ఎన్ని గంటలు, సుమారు ఎన్ని ఫొటోలు, ఏ తేదీకి, అడ్వాన్స్ ఎంత, బ్యాలెన్స్ ఎప్పుడు, వాయిదా పడితే ఏమిటి, మీకు జ్వరమొస్తే ఎవరు వస్తారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద హక్కు ఎవరిదనేది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వాళ్లు దేనికి వాడుకోవచ్చో, మీరు మీ ప్రచారానికి వాడుకోవచ్చో లేదో అందులోనే రాయండి. పిల్లల ఫొటోలైతే అమ్మానాన్నలను విడిగా అడగండి. వద్దంటే ముఖం మాడ్చుకోకండి.

ఉద్యోగం ఎప్పుడు మానాలన్నది మీ ప్రశ్నల్లో చివరిది. ఇంటికి ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి, అది సామాను కొనడానికి ముట్టుకోని డబ్బు అయి ఉండాలి. ఫొటోల రాబడికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, అందులోంచి నెలనెలా మీకు మీరే జీతం తీసుకునే అలవాటు ఏడాది పాటు చేయాలి. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ప్రతి బుకింగ్ పక్కన అది ఎలా వచ్చిందో రాయండి. పాత కస్టమరా, పాత కస్టమర్ చెప్పి పంపినవాళ్లా, కొత్తవాళ్లా. ఇప్పుడు మీ 22లో మొదటి రెండు రకాలూ ఎన్నో నాకు తెలియదు, మీ ఉత్తరాన్ని బట్టి చాలా తక్కువే. అవి సగానికి చేరేదాకా జీతం వదులుకోకండి. అది రెండేళ్లు పట్టినా ఫరవాలేదు. ఈ లోపు షూట్‌లు పెంచకండి, కావాలంటే తగ్గించండి. 22 బదులు 16 ఒప్పుకుని, పదహారిటికీ చెప్పిన తేదీకే ఇవ్వండి.

ఆ బాబు వాళ్లమ్మ గురించి. వేరే ఫొటోగ్రాఫర్‌ని ఎందుకు పిలిచారని అడగకండి. అతని గురించి ఎక్కడా చెడుగా అనకండి, అతనూ మీలాగే కష్టపడి పైకి రావాలనుకుంటున్నవాడే. రేపు ఆదివారం షూట్ లేకపోతే ఆమె పెళ్లి ఫైల్స్ తెరిచి, ఆల్బమ్‌లో చేరని ఫొటోలన్నీ నిదానంగా చూడండి. మూడేళ్ల కిందట మీ కంటికి ఆనని ఫొటో ఒకటి తప్పకుండా దొరుకుతుంది. ఆమె వాళ్ల నాన్నగారితో ఏదో మాట్లాడుతున్నదో, అమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నదో. దాన్ని శ్రద్ధగా ఎడిట్ చేసి పంపండి. పని సంగతి ఎత్తకండి. ఇలా రాస్తే చాలు: ‘నమస్తే అండీ. బాబుకి పుట్టినరోజు శుభాకాంక్షలు. అప్పట్లో ఆల్బమ్ ఆలస్యం చేశాను, క్షమించండి. మీ పెళ్లి ఫొటోలు మళ్లీ చూస్తుంటే ఇది కనిపించింది, ఆల్బమ్‌లో లేదు, మీ దగ్గర ఉండాలనిపించింది. ఫైల్స్ అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ కాపీ ఎప్పుడైనా పోతే ఒక్క మాట చెప్పండి.’

ఆల్బమ్ ఆలస్యం కాకపోయి ఉంటే ఆ ఒక్క వాక్యం తీసేయండి.